పెద్దబండి మళ్ళీ కొంటారా? - రైల్వే పట్టణంలో ఒక లెక్క

ఖరగ్‌పూర్: ఒకసారి పెద్ద ఎస్‌యువి కొన్నవారు దాని కాలం తీరిన తరువాత మళ్ళీ అదే బండిని కొంటారా? మోటారు కంపెనీలు ఎంతో విలువనిచ్చే ప్రశ్న ఇది. కొత్త ఖాతాదారును వెదకి తెచ్చుకోవడం కంటె పాత ఖాతాదారును నిలుపుకోవడం తేలిక కావడమే ఇందుకు కారణం. అయితే కొనుగోలుదారు వైపు నుంచి చూసినప్పుడు ఈ ప్రశ్న అంత సులువైనది కాదు. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో అది మరింత చిక్కుగా కనిపిస్తున్నది.

బెంగాల్-నాగపూర్ రైల్వే రోజులలో వెలసిన ఈ పట్టణానికి వర్క్‌షాపు ఉద్యోగాల కోసం తెలుగువారు తరతరాలుగా తరలివచ్చి స్థిరపడ్డారు. 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషా గుర్తింపు ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించడానికి ఈ జనాభాయే ప్రధాన కారణం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాలతో వీరి బంధుత్వాలు తెగిపోలేదు. పెళ్ళికైనా, సంక్రాంతికైనా, కర్మకాండకైనా ఊరికి వెళ్ళిరాక తప్పదు. ఇక్కడ పెద్దబండి ప్రసక్తి వచ్చేది ఆ ప్రయాణం దగ్గరే.

పాసు ఉండగా బండి ఎందుకు?

రైల్వేలో అయిదేళ్ళ సర్వీసు దాటిన నాన్-గెజిటెడ్ ఉద్యోగికి ఏడాదికి మూడు సెట్ల ప్రివిలేజ్ పాసులు, మూడోవంతు చార్జీతో ప్రయాణించేందుకు నాలుగు సెట్ల పి.టి.ఓ.లు లభిస్తాయి. హౌరా-చెన్నై ప్రధాన మార్గం ఈ పట్టణం మీదుగానే పోతుంది. ఉచితంగా రైలెక్కగలిగిన కుటుంబం పాతిక, ముప్ఫై లక్షలు పోసి బండి ఎందుకు కొనాలన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది.

పాసు ఉన్నంత మాత్రాన బెర్తు ఉన్నట్లు కాదు. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును రైల్వేశాఖ 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. పండుగ ప్రయాణానికి రెండు నెలల ముందే తేదీ ఖాయం చేసుకోవచ్చు గాని, కబురందిన రాత్రికి రాత్రే ఆరేడుగురు బయలుదేరవలసి వస్తే పాసు అక్కరకు రాదు. పైగా పాసులో చేర్చే కుటుంబ సభ్యుల విషయంలో నిబంధనలు ఉన్నాయి. పెళ్ళయిన కూతురు, అల్లుడు అందులోకి రారు.

రోడ్డు మార్గం చూస్తే, కోల్‌కతా-చెన్నై జాతీయ రహదారి ఖరగ్‌పూర్‌ను ఒరుసుకుని పోతుంది. 2010లో నంబర్లు మార్చిన తరువాత ఇది 16వ నంబరు రహదారి అయింది. బాలాసోర్, కటక్, భువనేశ్వర్, బరంపురం మీదుగా శ్రీకాకుళానికి సుమారు 650 కిలోమీటర్లు. టోల్ గేట్ల వద్ద కారుకు, జీపుకు, పెద్ద ఎస్‌యువికి ఒకటే రుసుము. 2025 ఆగస్టు 15న కేంద్రం 3,000 రూపాయల రుసుముతో ప్రవేశపెట్టిన ఫాస్టాగ్ వార్షిక పాసు సొంత వాహనాలన్నిటికీ సమానంగా వర్తిస్తుంది. దానితో ఏడాది లోపల 200 సార్లు గేటు దాటవచ్చు. అంటే టోల్ విషయంలో పెద్దబండికి అదనపు భారం ఏమీ లేదు.

ఆయిలు ఖర్చు అసలు ఖర్చు కాదు

పెద్దబండి వద్దనేవారు ముందుగా చూపించేది ఆయిలు ఖర్చు. దానిని లెక్కవేసి చూడవచ్చు. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే డీజిల్ బండికి శ్రీకాకుళం వెళ్ళిరావడానికి, అంటే 1,300 కిలోమీటర్లకు, 108 లీటర్లు అవసరం. లీటరు 90 రూపాయలనుకుంటే 9,750 రూపాయలు. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే చిన్న పెట్రోలు కారుకు లీటరు 105 రూపాయల చొప్పున దాదాపు 7,600 రూపాయలు. ప్రయాణానికి తేడా రెండు వేల పైచిలుకు మాత్రమే.

అసలు నష్టం వేరే చోట ఉన్నది. 30 లక్షలు పెట్టి కొన్న బండి పదేళ్ళ తరువాత 10 లక్షలు పలికిందనుకుందాం. అంటే ఏడాదికి రెండు లక్షల చొప్పున విలువ కరిగిపోయినట్లు. ఏటా 10,000 కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకు 20 రూపాయలు. అదే కిలోమీటరుకు డీజిల్ ఖర్చు ఏడున్నర రూపాయలే. బంకులో చెల్లించే డబ్బు కళ్ళకు కనిపిస్తుంది. షెడ్డులో నిలిపిన బండిలో తరిగిపోయే డబ్బు కనిపించదు.

ఎనిమిది లక్షల చిన్న కారు పదేళ్ళకు రెండున్నర లక్షలు పలికితే ఏడాదికి తరుగు 55,000 రూపాయలు. ఆయిలు తేడా కూడా కలుపుకుంటే పెద్దబండి వల్ల ఏటా పడే అదనపు భారం లక్షా అరవై వేల రూపాయలకు పైమాటే. ఊరి ప్రయాణానికి మాత్రమే కిలోమీటరుకు 20 రూపాయల చొప్పున పెద్దబండిని అద్దెకు మాట్లాడుకుంటే ఒక్కొక్క ప్రయాణానికి 26,000 రూపాయలు, ఏడాదికి నాలుగు ప్రయాణాలకు లక్షా నాలుగు వేలు. డ్రైవరు బత్తా కలిపినా చిన్న కారుతోపాటు అద్దె బండే చవుక. ఏడాదికి నాలుగైదుసార్లు ఊరికి వెళ్ళే కుటుంబం ఈ లెక్కను దాటుకుని "మళ్ళీ కొంటాము" అనాలంటే, సౌకర్యానికో హోదాకో తెలిసి ధర చెల్లిస్తున్నట్లే.

పట్టణంలో తిరిగేందుకూ ఈ బండ్లు అంత అనువైనవి కావు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన బి.ఎస్.-6 ప్రమాణాల ప్రకారం డీజిల్ బండ్లలో పొగగొట్టం వైపు మసిని పట్టి ఉంచే ఫిల్టరు అమర్చుతున్నారు. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు ధాటిగా కొంతసేపు పరుగుతీయాలి. క్వార్టర్ నుంచి వర్క్‌షాపుకు, అక్కడి నుంచి గోల్‌బజారుకు మాత్రమే తిరిగే బండిలో ఫిల్టరు పూడుకుపోయి హెచ్చరిక దీపం వెలుగుతుంది. హైవే మీద ముత్యంలా నడిచే ఇంజను పట్టణంలో యజమానిని సర్వీసు సెంటరు చుట్టూ తిప్పుతుంది.

పన్ను మారితే పాతబండి ధరా మారుతుంది

ప్రభుత్వ నిర్ణయాలు ఈ లెక్కను రాత్రికి రాత్రే తారుమారు చేయగలవు. నాలుగు మీటర్ల పొడవు, 1,500 సి.సి. ఇంజను, 170 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సు మించిన ఎస్‌యువిలపై 2017 సెప్టెంబరు నుంచి 28 శాతం జి.ఎస్.టి., 22 శాతం సెస్సు కలిపి 50 శాతం పన్ను పడింది. 2025 సెప్టెంబరు 22న సెస్సు తొలగి అది 40 శాతానికి మారింది. పన్నుకు ముందు 20 లక్షల ధర గల బండి 30 లక్షల నుంచి 28 లక్షలకు దిగినట్లు. కొత్తగా కొనేవారికి ఇది శుభవార్త. అంతకు నెల రోజుల ముందు కొన్నవారికి మాత్రం షోరూం ధర తగ్గినంత మేరా తమ బండి విలువ పడిపోయినట్లే.

డీజిల్ చరిత్ర కూడా ఇటువంటిదే. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు దాటగా డీజిల్ 41 రూపాయల లోపే ఉండేది. ఆ వ్యత్యాసమే పెద్ద డీజిల్ బండ్లకు ఊపు తెచ్చింది. 2014 అక్టోబరులో డీజిల్‌పై ధరల నియంత్రణను కేంద్రం ఎత్తివేసింది. ఆ తరువాత ఆ అంతరం బాగా కుంచించుకుపోయింది. 2015 డిసెంబరులో ఢిల్లీ ప్రాంతంలో 2,000 సి.సి., అంతకు మించిన డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్‌ను సుప్రీంకోర్టు నిలిపివేసింది. ఒక శాతం పర్యావరణ రుసుముతో 2016 ఆగస్టులో అనుమతించింది. కొన్ననాటి అంచనా అమ్మేనాటికి నిలుస్తుందన్న భరోసా లేదని ఈ పరిణామాలు తెలియజేస్తున్నాయి.

"అదే బండి" దొరుకుతుందా?

కొనాలన్న కోరిక ఉన్నా అదే బండి బజారులో దొరకడం మరో సమస్య. ఫోర్డ్ కంపెనీ 2021 సెప్టెంబరులో భారతదేశంలో వాహనాల తయారీ నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. 2003 నుంచి ఇక్కడ అమ్ముడైన ఎండీవర్ దానితో ఆగిపోయింది. అంతకుముందు 2017 చివర జనరల్ మోటార్స్ దేశీయ అమ్మకాలు మానుకోవడంతో షెవ్రొలే టవేరా కనుమరుగైంది. ఆ బండ్లను ఎంత ఇష్టపడినవారైనా మరొకటి కొనే అవకాశం లేకపోయింది.

పేరు మిగిలినా బండి మారిపోయిన సందర్భాలు ఉన్నాయి. 1998లో వచ్చిన టాటా సఫారీ లారీ మాదిరి ఛాసిస్ మీద కట్టిన బండి. 2019లో అది ఆగిపోయింది. 2021లో అదే పేరుతో వచ్చినది ముందు చక్రాలతో నడిచే, కారు మాదిరి నిర్మాణం గల వేరే బండి. టొయోటా 2022 చివర తెచ్చిన ఇన్నోవా హైక్రాస్ కూడా డీజిల్ లేని ముందు చక్రాల బండే. 2002 నాటి మహీంద్రా స్కార్పియో విషయంలో కంపెనీ మరో దారి తొక్కింది. 2022లో పూర్తిగా కొత్త స్కార్పియో-ఎన్ విడుదల చేస్తూనే పాతదానిని క్లాసిక్ పేరుతో కొనసాగించింది. పాతదానినే కోరేవారు ఉంటారని ఆ సంస్థ గుర్తించినట్లు భావించవచ్చు.

కొనేటప్పుడు కంపెనీ నిలకడను, దగ్గరలోని సర్వీసు సెంటరును, స్పేర్ పార్టుల లభ్యతను చూడడం అందుకే ముఖ్యం. మహానగరంలో ఒక మెకానిక్ కాకపోతే మరొకరు దొరుకుతారు. జిల్లా పట్టణాలలో ఆ వెసులుబాటు తక్కువ.

గ్రాట్యుటీ సొమ్ము, గడువుల చిక్కు

కేంద్ర ప్రభుత్వోద్యోగుల గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితిని 2024 జనవరి 1 నుంచి 20 లక్షల రూపాయల నుంచి 25 లక్షలకు పెంచారు. ఎక్కువమందికి అంత మొత్తం రాదు. పెద్ద ఎస్‌యువి ధర ఆ గరిష్ఠ పరిమితికి అటూ ఇటూగా ఉండడం గమనార్హం. జీవితకాలపు సర్వీసుకు దక్కిన సొమ్మును ఏటేటా విలువ తగ్గే వస్తువులో పెట్టడమా అన్నది పదవీ విరమణకు దగ్గరపడినవారు తేల్చుకోవలసిన విషయం.

పదవీ విరమణ చేసి సొంత ఊరికి తరలిపోయేవారికి మరో పని మిగిలి ఉంటుంది. బెంగాల్ నంబరుతో ఆంధ్రప్రదేశ్‌లో 12 నెలలకు మించి బండిని ఉంచుకోదలిస్తే మోటారు వాహనాల చట్టం ప్రకారం అక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు ఇక్కడి నుంచి ఎన్.ఓ.సి. తెచ్చుకుని అక్కడి పన్ను కట్టాలి. బండి ధరను బట్టి పన్ను ఉంటుంది కనుక పెద్దబండికి భారమూ పెద్దదే. 2021లో వచ్చిన బి.హెచ్. సిరీస్ నంబరుకు సర్వీసులో ఉన్న కేంద్ర ప్రభుత్వోద్యోగులు అర్హులు. రాష్ట్రాలు మారినా ఆ నంబరు మార్చనక్కరలేదు.

సొంత వాహనపు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు ముగుస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 20 ఏళ్ళు దాటినవాటికి 2025 ఆగస్టులో దానిని 10,000 రూపాయలు చేశారు. బండి ఎంత గట్టిదైనా కాగితాల గడువు దానికంటె ముందే తీరవచ్చు.

అమెరికా నేర్పిన పాఠం

ఇక్కడ పెద్దబండిగా చెప్పుకునే ఫార్చ్యూనర్ పొడవు 4.8 మీటర్లకు కాస్త తక్కువ. అమెరికాలో అసలైన పెద్ద ఎస్‌యువిగా లెక్కించే షెవ్రొలే సబర్బన్ 5.7 మీటర్లు ఉంటుంది. 1935 నుంచి అదే పేరుతో అమ్ముడవుతున్నదంటే మళ్ళీ మళ్ళీ కొనేవారు అక్కడ ఎంతమంది ఉన్నారో ఊహించవచ్చు. అయితే 2008 జులైలో ముడిచమురు పీపా 147 డాలర్లకు చేరినప్పుడు ఆ దేశంలో పెద్దబండ్ల గిరాకీ కుప్పకూలింది. 2009లో పాతబండ్లకు ప్రభుత్వం ప్రోత్సాహక ధర ప్రకటించగా జనం ఎక్కువగా వదిలించుకున్నది ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్, ఎక్కువగా తీసుకున్నది టొయోటా కొరోలా. చమురు చవుక అయ్యాక జనం మళ్ళీ పెద్దబండ్ల వైపే మళ్ళారు. బండి మీద యజమాని అభిప్రాయం చాలావరకు బయటి పరిస్థితులపై ఆధారపడి ఉంటుందని దీనినిబట్టి అర్థమవుతున్నది.

ఎవరు మళ్ళీ కొనవచ్చు?

నెలకు రెండుమూడుసార్లు దూర ప్రయాణాలు చేసేవారు, ఏడుగురు ఎక్కే బండి నిత్యం అవసరమైన ఉమ్మడి కుటుంబాలు, కొన్న బండిని పన్నెండు, పదమూడేళ్ళ వరకు అమ్మనివారు మళ్ళీ పెద్దబండి కొన్నా నష్టపోయేది తక్కువ. ఎక్కువ ఏళ్ళు, ఎక్కువ దూరం తిరిగిన కొద్దీ తరుగు పలచబడుతుంది. అయిదేళ్ళకే బండి మార్చేవారికి, పట్టణంలోనే తిరిగేవారికి, విరమణ సొమ్ములో సింహభాగం దీనికే వెచ్చించేవారికి లెక్క ఎదురు తిరుగుతుంది.

కొనబోయేవారు గత సంవత్సరం బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, అందులో వెనుక వరుస సీట్లు ఎన్నిసార్లు నిండాయో ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది. షోరూంలోకి అడుగుపెట్టక ముందే ఆ రెండు అంకెలు చేతిలో ఉంటే, మళ్ళీ కొనాలా వద్దా అన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు దొరికినట్లే.