ఫైలు అడిగితే వేలు కట్టాలా?

వీరులపాడు మండలంలో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ముందు నందిగామకో జగ్గయ్యపేటకో, అక్కడ కుదరకపోతే విజయవాడకో ఖమ్మానికో పరుగెడతాం. ఆస్పత్రి మారినా పాత ఆస్పత్రి కేస్ షీటు మాత్రం వెంట రాదు. “ఫైలు ఆస్పత్రి సొత్తు, కాపీ కావాలంటే వాళ్లడిగినంత కట్టాల్సిందే” అన్న మాట ఊళ్లలో పాతుకుపోయింది. అది నమ్మినవాళ్లు ఒకసారి చేయించుకున్న పరీక్షలే మళ్లీ డబ్బుపోసి చేయించుకుంటున్నారు. హైవే మీద ప్రమాదంలో కాలు విరిగినవాళ్లు కాగితాల్లేక పరిహారం కేసు వదిలేసుకుంటున్నారు. ఈ మాటను ఇక ఎవరూ మోయకూడదు.

అపోహ: కాపీ ఇవ్వడం ఆస్పత్రి ఇష్టం, రేటు కూడా వాళ్ల ఇష్టం.

వాస్తవం: రెండూ తప్పే. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ల రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు భద్రపరచాలి. రోగి గానీ, రోగి అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో కాపీలివ్వాలి. ఇవ్వకపోతే అది డాక్టరు చేసిన దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. 2023లో కొత్త నియమావళి వచ్చినా, వచ్చిన నెలలోనే దాన్ని పక్కనపెట్టి పాతదాన్నే అమల్లో ఉంచారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రాసిన రోగుల హక్కుల పత్రాన్ని పాటించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలను కోరింది. అందులో ఆస్పత్రిలో ఉండగానైతే వీలైనంతవరకు 24 గంటల్లో, డిశ్చార్జి అయ్యాక 72 గంటల్లో ఇవ్వాలని ఉంది. ఖర్చు సంగతీ అక్కడే ఉంది: జిరాక్సుకు తగిన రుసుము తీసుకోవచ్చు, లేదా రోగి తన ఖర్చుతో జిరాక్సు తీయించుకోవచ్చు. జిరాక్సు ఖర్చు వేరు, ఫైలుకు రేటు కట్టడం వేరు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ప్రైవేటు ఆస్పత్రులు పేజీకి ఇన్ని రూపాయలకు మించకూడదన్న అంకె ఈ నియమావళిలో లేదు. అసలు కేస్ షీటు ఆస్పత్రి దగ్గరే ఉంచుకుంటారన్నదీ నిజమే. అయితే అంకె రాయకపోవడం దోచుకోవడానికి అనుమతి కాదు.

పోల్చి చూసుకోవడానికి ప్రభుత్వ లెక్క ఉంది. విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో చూపించుకున్నవారు సమాచార హక్కు కింద అడిగితే దరఖాస్తుకు 10 రూపాయలు, ఏ4 పేజీకి 2 రూపాయలు. 80 పేజీల ఫైలుకు మొత్తం 170 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ఏమీ కట్టనక్కర్లేదు. 30 రోజుల గడువు దాటితే ఎవరికైనా ఉచితంగానే ఇవ్వాలి. రోగికి తన రికార్డు పొందే హక్కుందని 2014లో కేంద్ర సమాచార కమిషనర్‌గా మాడభూషి శ్రీధర్ ఆచార్యులు ఢిల్లీ ఆస్పత్రి కేసులో తేల్చిచెప్పారు. జిరాక్సు మిషను ఎక్కడైనా ఒకటే. ప్రైవేటు ఆస్పత్రి అదే ఫైలుకు వేలు అడిగితే ఏ ఖర్చు కిందో రాసిమ్మని అడగండి, రసీదు తీసుకోండి.

మిగతా అపోహలకు ఒక్కో మాట చాలు.

బిల్లు బాకీ ఉంటే కాపీ ఇవ్వరా? 72 గంటల నిబంధనలో బాకీ షరతు లేదు.

ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకం కింద వైద్యమైతే కాగితాలు రావా? ఉచితంగా చూపించుకున్నా రోగి రోగే, హక్కు హక్కే.

వకీలు నోటీసు కావాలా? అక్కర్లేదు, తెల్లకాగితం చాలు.

మూడేళ్లు దాటితే అడగకూడదా? అడగండి, కాకపోతే అప్పటికి ఫైలు ఉంటుందన్న భరోసా లేదు. అందుకే ఆలస్యం చేయొద్దు.

ఇక చేయాల్సింది. నోటితో అడిగి తిరిగి రావద్దు. రోగి పేరు, ఐపీ (ఇన్‌పేషెంటు) నంబరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ రాయండి. కేస్ షీటు, ఆపరేషన్ నోట్సు, మత్తుమందు రికార్డు, ల్యాబు రిపోర్టులు, స్కానింగు ఫిల్ములు, బిల్లులు అంటూ కావాల్సినవి విడివిడిగా పేర్కొనండి. 72 గంటల నియమం డాక్టరును కట్టేస్తుంది కాబట్టి ఆస్పత్రితోపాటు చికిత్స చేసిన డాక్టరు పేరు మీదా దరఖాస్తు రాయండి. రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్‌పోస్టులో పంపి ఆ రసీదు దాచండి. గడువు దాటితే జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి, డాక్టరు మీద ఆయా రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి. డబ్బు కట్టి వైద్యం చేయించుకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు. వైద్యానికి కట్టింది 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు.

జుజ్జూరులో ఉన్నా, పొన్నవరంలో ఉన్నా, ఇంట్లో ఎవరు ఆస్పత్రిలో చేరినా డిశ్చార్జి రోజునే ఈ దరఖాస్తు ఇచ్చి రండి. చదువు రానివాళ్లకు పక్కింటి పిల్లలు రాసిపెట్టండి.