నెల చూసుకుని బయల్దేరాల్సిన దీవి

శ్రీలంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో సగానికి కాస్త ఎక్కువ. ఉత్తరపు కొస నుంచి దక్షిణపు కొసకు దాదాపు 435 కిలోమీటర్లు, బాగా వెడల్పైన చోట 225. ఈ అంకెలు చూసి ఐదు రోజుల్లో దీవినంతా చుట్టి రావచ్చని లెక్కలు వేసుకునేవాళ్లు తక్కువేం కాదు. ఆ లెక్క తప్పడానికి కారణం దీవి నడిమధ్యన ఉంది. దక్షిణ మధ్యభాగంలో కొండలు గుంపుగా లేచి, పిదురుతలాగల శిఖరం దగ్గర 2,524 మీటర్ల ఎత్తుకు చేరతాయి. వానను ఒక పక్కన ఆపేసేదీ, దారిని మెలికలు తిప్పి దూరాన్ని రెట్టింపు చేసేదీ ఈ కొండలే. అందుకని శ్రీలంక ప్రయాణంలో ముందు తేల్చుకోవాల్సింది నెల. ఏ ఊళ్లు చూడాలన్నది ఆ తర్వాతి సంగతి.

భూమధ్యరేఖకు ఆరు నుంచి పది డిగ్రీల దూరంలోనే ఉండటంతో అక్కడ చలికాలమంటూ ఏమీ ఉండదు. కొలంబోలో ఏడాది పొడవునా సగటు ఉష్ణోగ్రత 27, 28 డిగ్రీల దగ్గరే తిరుగుతుంటుంది. కాలాన్ని విడదీసేది వానే. అదీ రెండు దఫాలుగా వస్తుంది. మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు పడమటి, నైరుతి తీరాల మీద కురుస్తాయి. కొలంబో, గాలె, రత్నపుర, కొండల పడమటి వాలు తడిసి ముద్దవుతాయి. అదే సమయంలో కొండలకు అవతల, తూర్పు తీరంలో, నీలాకాశం కింద వేడిగాలి కొడుతూ ఉంటుంది. ఆ గాలిని అక్కడి తమిళులు కచ్చాన్ అంటారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు సంగతి తిరగబడుతుంది. ఈశాన్య రుతుపవనాలు ట్రింకోమలి, బట్టికలోవా, జాఫ్నా వైపు వానలు తెస్తే దక్షిణ, పడమటి తీరాల్లో సముద్రం చెరువులా ప్రశాంతంగా ఉంటుంది. ఏడాదిలో ఎప్పుడు వెళ్లినా ఏదో ఒక తీరం బాగుంటుందని ప్రచార పత్రాల్లో రాసేది ఇందుకే. అది నిజమే కానీ, రెండు తీరాలూ ఒకేసారి బాగుండే రోజులు చాలా తక్కువ అన్న మాటను మాత్రం ఆ పత్రాల్లో రాయరు.

తెలుగువాళ్ల సెలవులకు ఈ పంచాంగాన్ని జోడిస్తే కొన్ని సంగతులు తేలిపోతాయి. సంక్రాంతికి వెళ్లేవాళ్లకు దక్షిణ తీరం, కొండలు అనుకూలం. ట్రింకోమలి ఆలోచన మానుకోవడం మంచిది. వేసవి సెలవుల్లో, ముఖ్యంగా మే రెండో సగం తర్వాత, తూర్పు తీరమే సరైనది. మన దగ్గర వేసవి కదా అని ఆ రోజుల్లో గాలెకు వెళ్లి గదిలో కూర్చుని వాన చూసి వచ్చినవాళ్లు బోలెడుమంది. దసరా వేళకు ఏ తీరానికీ పూర్తి భరోసా ఉండదు. అక్టోబరు, నవంబరు నెలల్లో రెండు రుతుపవనాలకూ నడుమ మధ్యాహ్నం తర్వాత ఉరుములతో వాన పడటం మామూలు; బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచేదీ అప్పుడే. కోస్తా జిల్లాల వాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. అయినా ఆ నెలల్లో ఉదయాలు తెరిపిగానే ఉంటాయి కాబట్టి, చూడాల్సినవన్నీ మధ్యాహ్నంలోపు చూసుకునేలా రోజును అమర్చుకుంటే ఇబ్బంది తగ్గుతుంది.

వానతో పాటు చూసుకోవాల్సిన తేదీలు మరికొన్ని ఉన్నాయి. ప్రతి పున్నమీ శ్రీలంకలో సెలవే. దాన్ని పోయ అంటారు. ఆ రోజు మద్యం అమ్మరు, గుళ్లూ దారులూ జనంతో నిండిపోతాయి. ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళ, తమిళ నూతన సంవత్సరం వస్తుంది. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు అప్పుడు కొలంబో ఖాళీ అవుతుంది. దుకాణాలు మూతపడతాయి, బస్సుల్లో సీటు దొరకదు, కొండల్లోని నువర ఎలియలో గదుల ధరలు ఆకాశాన్నంటుతాయి. జులై, ఆగస్టుల్లో క్యాండీలో జరిగే ఎసల పెరహర ఊరేగింపు కోసం వెళ్లాలంటే గది నెలల ముందే చూసుకోవాలి. శ్రీపాద శిఖరం ఎక్కే కాలం డిసెంబరు పున్నమితో మొదలై మే నెలలో వచ్చే వెసాక్ పున్నమితో ముగుస్తుంది. మిగతా నెలల్లో ఆ ఐదు వేల పైచిలుకు మెట్ల దారిలో దీపాలుండవు, టీ కొట్లు ఉండవు, పైన మబ్బు తప్ప ఏమీ కనపడదు.

నెల కుదిరాక దూరం లెక్క. శ్రీలంకలో దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే మోసపోతారు, గంటల్లో కొలవాలి. కొలంబో నుంచి క్యాండీకి 115 కిలోమీటర్లే అయినా కారులో మూడు గంటలు దాటుతుంది. కొండల్లో గంటకు ముప్ఫై కిలోమీటర్లు, మైదానంలో నలభై అనుకుని బయల్దేరితే లెక్క తప్పదు. దీనికి మినహాయింపు 2011లో తెరిచిన దక్షిణ ఎక్స్‌ప్రెస్ రహదారి. కొలంబో శివార్ల నుంచి గాలె వరకు వేసిన ఈ దారి తర్వాత మాతర మీదుగా హంబన్‌తోట దాకా సాగింది. దీని మీద గాలెకు రెండు గంటలలోపే చేరవచ్చు. కుటుంబంతో వెళ్లేవాళ్లు ఎక్కువగా డ్రైవరుతో సహా కారు మాట్లాడుకుంటారు. పెట్రోలు, టోలు, డ్రైవరు బస ఎవరు భరించాలో బేరం దగ్గరే తేల్చుకోవాలి. తర్వాత వచ్చే తగాదాలన్నీ అక్కడే పుడతాయి. వాహనాలు మన దగ్గరలాగే ఎడమ పక్కన నడుస్తాయి, గడియారం కూడా మనదే.

రైలు సంగతి వేరు. అక్కడ రైలెక్కడం ఊరు చేరడానికి కాదు, రైలులో కూర్చోవడానికే. 1864లో కొలంబో నుంచి అంబేపుస్సకు తొలి రైలు నడిచింది. మూడేళ్లకు పట్టాలు క్యాండీ చేరాయి. అక్కడి నుంచి తేయాకు కొండలు ఎక్కి బదుల్ల చేరుకునేసరికి 1924 వచ్చింది. కాఫీ తోటలు తెగులుతో నాశనమయ్యాక వాటి స్థానంలో వేసిన తేయాకును రేవుకు దించడానికే ఈ లైను పనికొచ్చింది. మన రైళ్లలాగే ఇదీ బ్రాడ్‌గేజే. అంత వెడల్పు పట్టాలను అన్ని మలుపుల్లో తిప్పి, పట్టిపొల దగ్గర 1,890 మీటర్ల ఎత్తు దాటించారు. క్యాండీ నుంచి ఎల్ల వరకు ఆరేడు గంటల ప్రయాణం. ఎల్ల దాటగానే వచ్చే తొమ్మిది కమానుల వంతెన ఫొటో చూడనివాళ్లు ఇప్పుడు ఉండరేమో. రిజర్వేషన్ టికెట్లు తెరిచిన వెంటనే అయిపోతాయి. దొరకనివాళ్లు రిజర్వేషన్ లేని పెట్టె ఎక్కితే, రద్దీ భరించగలిగితే, తలుపు దగ్గరి గాలీ పక్కవాళ్లు పెట్టే వేయించిన శనగలూ దక్కుతాయి. 2025 నవంబరు చివర్లో దిత్వా తుఫానుకు కొండచరియలు విరిగిపడి ఈ మార్గం చాలాచోట్ల దెబ్బతింది. అందుకే రైలు చుట్టూ ప్రయాణం అల్లుకునేముందు ఏ భాగంలో బండ్లు నడుస్తున్నాయో విచారించుకోవాలి.

ఎనిమిది నుంచి పది రోజులు చేతిలో ఉంటే, వెళ్లిన దారిన మళ్లీ రాకుండా ఒక చుట్టు వేయవచ్చు. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానం రెండు గంటల్లో కటునాయక విమానాశ్రయంలో దించుతుంది. అక్కడి నుంచి కొలంబోలోకి వెళ్లకుండా నేరుగా ఉత్తరంగా దంబుల్ల, సిగిరియ వైపు సాగిపోవడమే తెలివైన పని. నగరాన్ని చివరికి మిగుల్చుకోవచ్చు.

దంబుల్ల చుట్టుపక్కల మూడు రాత్రులు ఉన్నా ఎక్కువేమీ కాదు. సిగిరియ బండ మైదానం మీంచి 180 మీటర్లు నిట్టనిలువుగా లేస్తుంది. తండ్రిని చంపి రాజైన కాశ్యపుడు, తమ్ముడు ఏనాటికైనా సేనతో వస్తాడన్న భయంతో, ఐదో శతాబ్దం చివర్లో దాని మీద కోట కట్టుకున్నాడు. పన్నెండు వందల మెట్లు. తెల్లవారగానే మొదలుపెడితే ఎండ ముదిరేలోపు దిగి రావచ్చు. మధ్యలో కందిరీగల గూళ్లున్నాయి, చప్పుడు చేయవద్దన్న బోర్డును తేలిగ్గా తీసుకోకూడదు. సార్క్ దేశాల పౌరులకు టికెట్టులో రాయితీ ఉంది, పాస్‌పోర్టు చూపాలి. అనురాధపురంలో క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో నాటారని చెప్పే మహాబోధి చెట్టు, 122 మీటర్ల ఎత్తున కట్టిన జేతవనారామ స్తూపం ఉన్నాయి. అక్కడి పాత శిల్పాల్లో అమరావతి శైలి ఛాయలు కనిపిస్తాయి. కృష్ణా తీరానికీ సింహళానికీ మధ్య రాకపోకలు అంత పాతవి. అదే జిల్లాలో ఒక మూలన కుడగామ అనే పల్లెలో, ఒకప్పుడు పాములాడించి బతికిన అహికుంటక కుటుంబాలు ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతాయి.

ఈ ఎండు ప్రాంతం బతుకంతా చెరువుల మీదే. ఒక చెరువు నిండి కింది చెరువుకు పారే ఆ ఏర్పాటు తెలంగాణలో గొలుసుకట్టు చెరువుల్ని చూసినవాళ్లకు కొత్తగా తోచదు. మూడో శతాబ్దంలో మహాసేన రాజు తవ్వించిన మిన్నేరియ చెరువులో జులై నుంచి అక్టోబరు వరకు నీళ్లు తగ్గి, అంచుల్లో పచ్చిక మొలుస్తుంది. ఆ గడ్డి కోసం చుట్టుపక్కల అడవుల్లోంచి ఏనుగులు వందల్లో దిగుతాయి. ఆ నెలల్లో వెళ్లేవాళ్లకు తూర్పు తీరంతో పాటు దొరికే లాభం ఇది. ట్రింకోమలి అక్కడి నుంచి రెండున్నర గంటలు. తెలుగువాళ్లు చెప్పుకునే పద్దెనిమిది శక్తిపీఠాల జాబితాలో మొదటిదైన శాంకరీదేవి పేరు ఈ ఊరికే చెందుతుంది. సముద్రం మీదికి చొచ్చుకొచ్చిన కొండపై ఉన్న కోణేశ్వర ఆలయాన్ని పదిహేడో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు కూలగొట్టారు. ఇప్పుడున్నది తర్వాత కట్టింది.

క్యాండీలో దలదా మాలిగావ, అంటే బుద్ధుడి దంతధాతువు ఉన్న గుడి, తప్పక చూడాల్సినది. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, చెప్పులు బయటే విడవాలి, బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగకూడదు. ఈ గుడి పక్క రాజభవనంలో చివరగా ఉన్న రాజులు నాయక్కర్లు. క్యాండీ రాజులు మదురై నాయకుల బంధువర్గం నుంచి ఆడపిల్లల్ని పెళ్లి చేసుకునేవారు. 1739లో వారసుడు లేక సింహాసనం రాణి తమ్ముడికి దక్కింది. అలా తెలుగు మూలాలున్న వంశం 1815 దాకా సింహళాన్ని ఏలింది. ఆ ఏడాది ఇంగ్లిషువాళ్లు చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహను పట్టుకుని వేలూరు కోటకు పంపారు. 1832లో అక్కడే పోయాడు.

నువర ఎలియ 1,868 మీటర్ల ఎత్తున ఉంది. స్వెట్టరు లేకుండా వెళ్లి ఇబ్బందిపడేది ఇక్కడే. దగ్గర్లోని సీత ఎలియలో సీతమ్మ గుడికి మన యాత్రికులు బాగా వెళతారు. ఈమధ్య ప్రయాణ సంస్థలు రామాయణ స్థలాలంటూ పెద్ద జాబితాలు అమ్ముతున్నాయి. వాటిలో చాలా వాటికి స్థానికుల నమ్మకమే తప్ప తవ్వకాల ఆధారాలు లేవు. అన్నీ తిరగాలంటే సగం సెలవు కారులోనే గడుస్తుంది కాబట్టి ఒకటి రెండు ఎంచుకోవడం మేలు. ఎల్ల నుంచి కిందికి దిగితే రెండు గంటల్లో యాల అడవి అంచు వస్తుంది. చిరుతపులుల కోసం పేరున్న ఈ అడవిలో కొంత భాగాన్ని ఎండలు ముదిరే సెప్టెంబరులో మూసేస్తుంటారు. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు మిరిస్సలో తిమింగలాల్ని చూపించే పడవలు తిరుగుతాయి. ఆ తర్వాత డచ్చివాళ్ల గోడల నడుమ గాలె కోట.

తిండి దగ్గర తెలుగువాళ్లకు పెద్ద ఇబ్బంది లేదు. అన్నం, పప్పు, కొబ్బరి, కారం. ఆప్పాలు, ఇడియాప్పాలు ఎక్కడైనా దొరుకుతాయి. శాకాహారులు మాత్రం ఒక మాట గుర్తుంచుకోవాలి. పోల్ సంబోల అనే కొబ్బరి పచ్చడిలో, కొన్ని కూరల్లో ఉంబలకడ అనే ఎండుచేప పొడి కలుపుతారు. చూపుకు తెలియదు. 'చేప లేదు కదా' అని అడిగి మరీ వడ్డించుకోవాలి, లేదా తమిళుల సైవ హోటళ్లు వెతుక్కోవాలి.

వీసాకు ఆన్‌లైన్‌లో ఈటీఏ ఉంది. రుసుములు, మినహాయింపులు ఈ కొన్నేళ్లలో పలుమార్లు మారాయి గనుక టికెట్లు కొనే రోజున అధికారిక వెబ్‌సైటు చూడటం ఒక్కటే మార్గం. దాన్ని పోలిన పేర్లతో ఎక్కువ డబ్బు గుంజే సైట్లూ ఉన్నాయి. తిరుగు విమానం తెల్లవారుజామునైతే చివరి రాత్రి కొలంబోలో కాకుండా నెగొంబోలో ఉండాలి. అక్కడి నుంచి విమానాశ్రయానికి అరగంట కూడా పట్టదు.