రొయ్యల తెల్లమచ్చల వ్యాధి – పంచాయతీ బాధ్యత

గోదావరి పాయల నడుమనున్న కోనసీమయందు నీరు పదిమంది ఉమ్మడి సొత్తు. ఒక రైతు చెరువునుండి విడిచిన నీరు మురుగు కాలువలో కలియును. దిగువనున్న రైతు ఆ కాలువ నీటినే తోడుకొనును. అల్లవరము, కాట్రేనికోన, సఖినేటిపల్లి వంటి తీర మండలములలో రొయ్యలు పెంచువారిని బాధించు తెల్లమచ్చల వ్యాధి వ్యాపించుటకు ఇది యొక ముఖ్యమార్గము. దీనినే మేము పంచాయతీ సభ్యుల దృష్టికి తేదలచితిమి.

ఈ వ్యాధికి కారణము వైరస్. నీటియందు వైరస్‌లు పెక్కు రకములు కలవు. సముద్రమున పగడపు జీవుల శరీరములో నివసించుచు వాటికి ఆహారము సమకూర్చు నాచును పట్టు వైరస్‌లను సైతము శాస్త్రజ్ఞులు గుర్తించిరి. రొయ్యలను పట్టు ఈ వైరస్ మనుష్యులకు సోకదు. రొయ్యకు మాత్రము ప్రాణాంతకము. ఒక మిల్లీమీటరు నిడివిలో ఇట్టివి మూడువేలకు పైగా వరుసగా ఇముడును. అది స్వయముగా వృద్ధిచెందలేదు. రొయ్య జీవకణములోనికి చొరబడి, ఆ కణముచేతనే తనవంటి వాటిని తయారు చేయించును; తుదకు కణము నశించును. రొయ్య మేత మానును, గట్టు చేరును, పెంకుపై తెల్లని మచ్చలు కానవచ్చును. పిదప 3 మొదలు 10 దినములలో చెరువంతయు తుడిచిపెట్టుకొని పోవచ్చును.

1992 ప్రాంతమున తూర్పు ఆసియాలో బయటపడిన ఈ వ్యాధి 1994 నాటికి మన తీరమునకు వచ్చి టైగరు రొయ్యల సాగును కుంగదీసెను. 2009 తరువాత సాగులోనికి వచ్చిన వనామీ రొయ్యకును దీని బెడద తప్పలేదు.

పశువుల గాలికుంటునకు టీకా కలదు గదా, దీనికేల లేదని కొందరడుగుదురు. టీకా వేసిన పశువు రక్తమున ఆ రోగము నెదిరించు పదార్థములు పుట్టి నిలుచును. రొయ్యకు అట్టి ఏర్పాటు లేదు. యాంటీబయాటిక్ మందులు వైరస్‌ను చంపజాలవు. పైగా నిషిద్ధ మందుల జాడ కనిపించిన సరకును విదేశములు త్రిప్పి పంపును. కావున రైతు పి.సి.ఆర్. పరీక్షలో రోగము లేదని తేలిన పిల్లలనే వేయవలెను. పీతలు చొరకుండ చెరువుచుట్టు కంచె కట్టవలెను. ఒక చెరువున వాడిన వలను శుద్ధిచేయక వేరొక చెరువున దింపరాదు.

పంచాయతీ చేయదగినది వేరు. రోగము తగిలిన రైతు అప్పులవారికి, ఇరుగుపొరుగువారికి వెరచి సంగతి దాచును. రాత్రివేళ తూము తెరచును. రోగము దిగువ చెరువులకు ప్రాకును. అతనిని నలుగురిలో నిందించినచో, మరుసటి రైతు మరింత గుట్టుగా దాచును. కావున మొదట చెప్పినవాడు ఊరికి మేలు చేసినవాడే యను నమ్మకమును సభ్యులు కలిగింపవలెను. సంగతి వెంటనే తెలిసిన, దిగువవారు తమ తూములు మూసికొందురు. రోగపు చెరువు నీటిని మత్స్యశాఖవారు చెప్పిన మోతాదున బ్లీచింగ్ పౌడరుతో శుద్ధిచేసి, కొన్ని దినములు నిలిపిన పిదపనే విడువవలెను. చచ్చిన రొయ్యలను కాలువలో వేయక, సున్నము చల్లి పూడ్చవలెను.

చెరువులు నింపుటకు ముందే ఈ విషయమును గ్రామసభలో చర్చించి, ఎవరు ఎవరికి తెలుపవలెనో నిర్ణయించుకొనవలెనని మా మనవి.