ఎఱ్ఱదుమ్ము సీమలో టర్బోబండి

పశ్చిమ కనుమలు నైరుతి మేఘముల నడ్డగింపగా, తూర్పుసముద్రము దూరమగుటచే ఈశాన్య పవనములును నిండుగా చేరక, ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షముతోనే కాలము గడుపుకొను అనంతపురపు పీఠభూమి, వేరుశనగ చేలకును కరవునకును పేరువడినదే గాని, మోటారుబండ్ల నిర్మాణమునకు పేరు మోయునని ముప్పదియేండ్ల క్రిందట ఎవ్వరును ఊహించి యుండరు. తళ్లికోట యుద్ధానంతరము విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండకు సమీపమున, ఎఱ్ఱమంచి గ్రామమువద్ద, కొరియాదేశపు కియా సంస్థ 2017 ఏప్రిల్‌లో రాష్ట్రప్రభుత్వముతో ఒప్పందము చేసికొని, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, 536 ఎకరములలో, ఏటికి 3 లక్షల బండ్లను తయారుచేయగల కర్మాగారమును నిర్మించినది. 2019 ఆగస్టులో విపణికి వచ్చిన సెల్టోస్ అక్కడి తొలి బండి. శ్రీశైలమునుండి హంద్రీ-నీవా కాలువ మీదుగా ఎత్తిపోసిన కృష్ణాజలము గొల్లపల్లి జలాశయమును చేరి, అచ్చటినుండి ఈ కర్మాగారమునకు అందుచున్నది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగి పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినది గాని, నేల అదే, ఎండ అదే, దుమ్మును అదే.

ఈ సెల్టోస్‌లో జీటీ లైన్ అను తరగతికి అమర్చిన 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను 140 అశ్వశక్తిని, 242 న్యూటన్ మీటర్ల టార్కును ఇచ్చెడిది. 2023లో దాని స్థానమున 160 అశ్వశక్తిగల 1.5 లీటర్ల ఇంజను వచ్చినది. గుత్తినుండి కొడికొండవఱకు 44వ నంబరు జాతీయ రహదారిపై ఇట్టి బండిని నడపిన యువకుడు, కొన్ని నెలలు గడచిన పిమ్మట, దీని పికప్ ఇంకను పెంచరాదా యని తలంచుట సహజము. వేగమందలి మక్కువ దోషము కాదు. సొంత యంత్రమును సొంత చేతులతో విప్పి తెలిసికొనవలెనను కుతూహలము మెచ్చదగినది. అయితే ఈ సీమలో ఆ కుతూహలము మొదట చూడవలసినది బండిలోని కంప్యూటరును గాదు, బానెట్టు క్రింద మూలనున్న నల్లని ప్లాస్టిక్ పెట్టెను. ఎయిర్ ఫిల్టరు ఉండునది అందులోనే.

పెట్రోలు సంపూర్ణముగా దహింపవలెనన్న దాని బరువునకు 14.7 రెట్లు బరువుగల గాలి కావలెను. అనగా ఒక్క లీటరు పెట్రోలు కాలుటకు సుమారు 9 వేల నుండి 10 వేల లీటర్ల గాలి ఇంజనులోనికి పోవలసి యుండును. అనంతపురమునుండి బెంగళూరునకు పోవు బండి 15 లీటర్ల పెట్రోలును ఖర్చుచేసినచో, దారిపొడవున లక్షన్నర లీటర్లవఱకు గాలిని పీల్చినదన్నమాట. ఆ గాలి ఎట్టిది? వేసవిదుక్కులు దున్నిన చేలమీదుగా వీచినది, ముందు పోవు లారీ లేపిన మట్టితో నిండినది. ఎఱ్ఱనేలయందలి సన్నని ఇసుకలో అధికభాగము క్వార్ట్జ్ అను కఠిన ఖనిజపు పొడి. నిమిషమునకు లక్షకుపైగా చుట్లు తిరుగు టర్బో చక్రపు అల్యూమినియము రెక్కలను అది కొఱుకును; అచ్చట ఆగక సిలిండరులో చేరి, గోడలకును పిస్టన్ రింగులకును నడుమ ఆకురాయివలె పనిచేసి రెండింటిని అరుగదీయును. కొన్నియేండ్లకు ఇంజను ఆయిలును త్రాగుట, నీలిపొగ విడుచుట, పికప్ తగ్గుట మొదలగును. అప్పుడు యజమాని కారణమును మఱెక్కడనో వెదకుచుండును.

ఫిల్టరును మార్చుట ఇంటిముంగిట కొద్ది నిమిషములలో ముగియు పని. ఇంజను చల్లారిన పిదప పెట్టె మూతను పట్టియున్న క్లిప్పులను విప్పి, మూతను మెల్లగా ఎత్తిచూచినచో, మడతలు మడతలుగానున్న కాగితము కనబడును. పల్లెదారులలో తిరిగిన బండియైనచో ఆ కాగితము ఎఱ్ఱబారి, మడతల లోతున మట్టి పేరుకొని, చచ్చిన తూనీగయో వేరుశనగ ఆకుతునకయో అందులో చిక్కుకొని యుండును. ఇచ్చట తొందర పనికిరాదు. పాత ఫిల్టరును వంపక, దులుపక, నిలువుగా పైకితీసి, ఇంజనువైపునకు పోవు గొట్టపు నోటిని శుభ్రమైన బట్టతో మూసి, పెట్టె అడుగును తడిగుడ్డతో తుడువవలెను. పొడిగుడ్డ దుమ్మును లేపునే గాని తీసివేయదు. క్రొత్త ఫిల్టరు అంచునగల రబ్బరు నాలుగువైపులను సమముగా కూర్చున్నదో లేదో వ్రేలితో తడవి చూచుట ముఖ్యము. ఆ అంచున వెండ్రుకవాసి సందున్నను దుమ్ముగాలి కాగితముగుండ పోక ఆ సందుగుండనే పోవును. పంక్చర్ షాపులో గాలి కొట్టించి పాత ఫిల్టరునే మరల వేయువారు పలువురు కలరు. ఆ ఒత్తిడికి కాగితపు సూక్ష్మరంధ్రములు చినుగును, చినిగినట్లు కంటికి కనబడదు. కొన్ని వందల రూపాయల వస్తువునకై లక్షల విలువగల ఇంజనును పణముగా పెట్టుట తెలివి కాదు. బండితో ఇచ్చు పుస్తకములో ధూళిప్రదేశములందు తిరుగు బండ్లకు సర్వీసు వ్యవధిని వేరుగా, తక్కువగా నిర్దేశించి యుందురు. ఈ సీమవారు ఆ పట్టికనే తమదిగా ఎంచుకొనవలెను.

దుమ్ము చేయు కీడు తెలిసినవారికి, మార్పులలో మొదటిదిగా అంగళ్లవారు చెప్పు శంఖాకారపు ఓపెన్ ఫిల్టరు మనకేల పనికిరాదో వేఱుగ చెప్పనక్కఱలేదు. అది చేయు చప్పుడు చెవికి ఇంపుగా నుండును, నిజమే. కాని సందు పెద్దదైన వలలో దుమ్మునకును దారి పెద్దదగును. పైగా అది బానెట్టు క్రిందనుండు వేడిగాలిని పీల్చును. వేడిగాలి పలుచనైనది, అందులో ఆక్సిజను తక్కువ. కనుక మే నెల మధ్యాహ్నమున ఆ పరికరము బలమును పెంచుటకు మాఱు తగ్గించుటయు కలదు. ఆస్ట్రేలియా ఎడారిదారులలో తిరుగువారు గాలిగొట్టమును బండి కప్పు ఎత్తునకు లేవనెత్తి, దుమ్ము తక్కువగానున్న గాలిని పీల్పింతురు. దుమ్ముసీమలవారికి దారి చూపదగిన మార్పు అది. రేసుట్రాకులకై చేసిన సామగ్రి కాదు.

ఇక రీమ్యాపు. ఇంజనును నడపు కంప్యూటరులోని ప్రోగ్రామును మార్చి, టర్బో ఒత్తిడిని హెచ్చించి, ముప్పది నలుబది అశ్వశక్తిని అదనముగా రాబట్టుట సాధ్యమే. ఆ బలమునకు మూల్యము వేడి. ఇంజను చుట్టును 42 డిగ్రీల గాలి వీచుచుండగా టర్బో పంపు గాలిని ఇంటర్‌కూలరు చల్లార్చగలిగినది కొంచెమే. ఆ స్థితిలో ఒత్తిడి పెంచినచో పెట్రోలు కాలము కాని కాలమున మండి పిస్టనును దెబ్బతీయు ప్రమాదము కలదు. సెల్టోస్‌లోని ఏడు గేర్ల పొడి క్లచ్చుల గేరుబాక్సును నిర్మాతలు ఒక హద్దువఱకు టార్కును మోయుటకే రూపొందించిరి. వారంటీ పోవుట ఈ నష్టములలో చిన్నది. ఈ సీమ వేసవిలో రోజువారీ బండికి రీమ్యాపు తగదనియే నా నిశ్చితాభిప్రాయము.

వేడిని గూర్చి చెప్పునప్పుడు నీటిని గూర్చియు చెప్పవలెను. మన బోరునీటిలో లవణములు మెండు. దానిని కాచిన గిన్నెల అడుగున తెల్లని పొర కట్టుట ప్రతి ఇల్లాలును ఎఱుగును. కూలెంటు తగ్గినదని ఆ నీటినే రేడియేటరులో పోసినచో, అదే పొర సన్నని గొట్టములలో కట్టి, వేడిని బయటికి పోనీయక అడ్డుపడును. బ్యాటరీ అంగళ్లలో అమ్ము డిస్టిల్డ్ వాటరుతో కలిపిన కూలెంటును, లేదా నిర్మాత చెప్పిన కలిపియున్న కూలెంటును మాత్రమే పోయవలెను. ఇంజను వేడిగానున్నప్పుడు రేడియేటరు మూతను ముట్టరాదు. సుదూరము వేగముగా వచ్చి ఆగినంతనే ఇంజనును ఆపక, ఒక నిమిషము ఊరక తిరుగనిచ్చుట మంచి అలవాటు. లేనిచో టర్బో బేరింగులలో నిలిచిన ఆయిలు కాగి మసిగా మాఱును.

టైర్లలోని గాలిని ప్రాతఃకాలమున, బండి కదలకముందే కొలువవలెను. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో ఒత్తిడి సుమారు ఒకటిన్నర పౌండ్లు పెరుగును. కనుక మధ్యాహ్నపు వేడిటైరులో ఎక్కువగా కనబడినదని గాలిని తీయించినవాడు మఱునాటి తెల్లవారుజామున తక్కువ గాలితో బయలుదేఱును. టైరు విప్పుటకు జాకీమీద మాత్రమే నిలిపిన బండి క్రింద ఎవ్వరును దూరరాదు, స్టాండ్లు వేయవలెను.

చట్టమును తెలిసికొని మార్పులకు పూనుకొనుట మేలు. మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, నిర్మాత ఇచ్చిన మూలలక్షణములకును రిజిస్ట్రేషను పత్రమునకును భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే దృఢపఱచినది. ముందు ఇనుపకమ్మీలు బిగించు క్రాష్ గార్డులపై చర్య తీసికొనవలెనని కేంద్రప్రభుత్వము 2017 డిసెంబరులో రాష్ట్రములకు వ్రాసినది. ఎండకు తాళలేక నల్లని అద్దములు వేయింపదలచువారు, ముందువెనుక అద్దములగుండ 70 శాతము, ప్రక్కఅద్దములగుండ 50 శాతము వెలుగు ప్రసరింపవలెనను నిబంధనను మఱవరాదు. నిర్మాత ఇచ్చిన కొలతలోనే మేలైన టైర్లు, మంచి బ్రేకు ప్యాడ్లు, రెండేండ్లకొకసారి క్రొత్త బ్రేకు ఆయిలు, ఇవి ఎవ్వరును తప్పుపట్టని మార్పులు. నడపువానికి భేదము తెలియునవియు ఇవియే.

బండిని కడుగుటకు రెండు బకెట్ల నీరు చాలును. దుమ్ముపట్టిన రేకును పొడిగుడ్డతో రుద్దినచో గీతలు పడును గనుక, మొదట కొంచెము నీటితో దుమ్మును జార్చి, పిదప మెత్తనిగుడ్డతో తుడిచి, నీడలోనే ఆరబెట్టవలెను. ఎండలో ఆరిన బోరునీటి మచ్చలు తరువాత వదలుట కష్టము.

ఇంటివద్ద ఇంజను ఆయిలును మార్చుకొనువారికి ఒక్క విన్నపము. దించిన నల్లని ఆయిలులో లోహపుపొడియు విషపదార్థములును ఉండును. వందల అడుగుల లోతుకు బోర్లు వేసి త్రాగునీటిని తోడుకొను ఈ సీమలో దానిని పెరటిలోనో కాలువలోనో చేని గట్టుననో పోయవలదు. మూతగల డబ్బాలో పట్టి, సర్వీసు సెంటరునకో, వాడిన నూనెను సేకరించుటకు అనుమతిగలవారికో అప్పగింపుడు.