తేటనీరెల్ల మంచినీరు కాదు

మెక్సికో దేశపు రాజధానీనగరమునకు దక్షిణమున షోచిమిల్కో అను ప్రదేశము కలదు. పూర్వమచ్చట విశాలమైన సరస్సుండెడిది. అది క్రమక్రమముగా తరిగిపోయి, నేడు కాలువల రూపమున మాత్రమే మిగిలియున్నది. ఆ కాలువల నడుమ బురదను, నీటిమొక్కలను పోగుచేసి నిర్మించిన మడులున్నవి. వానిని చినాంపాలందురు. రైతులందు కూరగాయలను, పూలను పండింతురు. 1987లో యునెస్కో సంస్థ ఈ ప్రదేశమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ఒక వింతజీవికి ఇదియే పుట్టినిల్లు. దాని పేరు ఆక్సొలాటల్.

కప్పవలె ఆక్సొలాటల్ కూడ ఉభయచరముల తెగకు చెందినది. కాని కప్పపిల్ల పెరిగినకొలది మొప్పలను కోల్పోయి గట్టునకెక్కును. ఆక్సొలాటల్ సాధారణముగా అట్లు చేయదు. బాల్యమునందలి మొప్పలతోనే జీవితమంతయు నీటిలో గడపును. దాని తలకు ఇరుప్రక్కల మూడేసి చొప్పున ఈకలవంటి మొప్పలు వెలుపలికి చాచుకొనియుండును. దాని కాలు తెగిపోయినచో మరల మొలచును. 1864లో మెక్సికోనుండి 34 ఆక్సొలాటళ్లు పారిస్ నగరమునకు చేరినవి. ఆగస్ట్ డ్యుమెరిల్ అను శాస్త్రజ్ఞుడు వానిలో ఆరింటిని పెంచి, వాని సంతానమును వృద్ధి చేసెను. అటుపిమ్మట ఈ జీవి దేశదేశముల ప్రయోగశాలలకు, ఇండ్లకు వ్యాపించినది.

పుట్టినింట మాత్రము దానికి నిలువనీడ కరవైనది. 1998లో షోచిమిల్కోలో చదరపు కిలోమీటరునకు సుమారు 6,000 ఆక్సొలాటళ్లుండగా, 2014 నాటికి ఆ సంఖ్య 36కు పడిపోయినది. నగరపు మురుగు కాలువలలో చేరుట ఒక కారణము. ఆహారముకొరకు తెచ్చి వదలిన తిలాపియా, కార్పు చేపలు వాని గ్రుడ్లను, పిల్లలను తినివేయుట మరియొక కారణము. ఇట్లు నేడు సరస్సులో కంటె గాజుతొట్లలోనే ఆక్సొలాటళ్లు మిక్కుటముగా నున్నవి. తొట్టియే వానికి సరస్సు. ఆ నీటి బాగోగులు పెంచువాని చేతిలోనున్నవి.

తొట్టిలోని నీరు ఎట్లు చెడును? ప్రాణి విసర్జించిన మలమునుండి, తినక వదలిన ఆహారమునుండి అమ్మోనియా అను విషము పుట్టును. పెద్ద సరస్సులో నిది విస్తారమైన నీటిలో కలిసి పలుచబడును. తొట్టిలో అట్లుగాక దినదినము పేరుకొనును. అమ్మోనియాకు రంగు లేదు. నీరు అద్దమువలె తేటగా నుండియు విషపూరితము కావచ్చును. ఆక్సొలాటల్ మొప్పలు సుకుమారములు. చర్మము మిగుల పలుచన. విషము వానిని దహించును. అప్పుడు మొప్పలు కుంచించుకొనిపోవును. ప్రాణి ఆహారమును ముట్టదు. కన్ను తేటదనమును చూడగలదు కాని విషమును చూడజాలదు.

ఈ విషమును హరించు సేవకులు ప్రకృతిలోనే కలరు. వారు కంటికి కనిపింపని సూక్ష్మజీవులు. ఒక తెగ సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. ఇదియు విషమే. మరియొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రేటు వలని కీడు చాల తక్కువ, మితిమీరకుండిన చాలును. ఈ సూక్ష్మజీవులు నీటిలో తేలియాడుటకంటె, వడపోత యంత్రములోని స్పాంజి రంధ్రములందును, రాళ్లమీదను అంటుకొని వసించుటకే ఇష్టపడును. వానికి ప్రాణవాయువు కూడ కావలెను. కావున నీరు స్పాంజిగుండ నిరంతరము ప్రవహించుచుండవలెను.

ఈ సూక్ష్మజీవులు ఒక్కదినమున వృద్ధి చెందవు. వాని బలగము చాలినంత పెరుగుటకు నాలుగునుండి ఎనిమిది వారములు పట్టును. అందుచేత తెలిసినవారు ప్రాణిని తెచ్చుటకు ముందే తొట్టిని నింపి, అందు కొలదిగా అమ్మోనియాను చేర్చుచు, సూక్ష్మజీవులను పెంచుదురు. నీటిని పరీక్షించు ద్రవములు అంగళ్లలో దొరకును. అమ్మోనియా, నైట్రైటు రెండును సున్నకు దిగి, నైట్రేటు మాత్రమే కనిపించినప్పుడు తొట్టి సిద్ధమైనదని గ్రహింపవలెను. పిదప నీటిని కొంత మార్చి, నైట్రేటును లీటరునకు 20 మిల్లీగ్రాములకు లోబడునట్లు తగ్గించిన పిమ్మట ప్రాణిని విడువవచ్చును.

క్రొత్తగా పెంచువారు శుభ్రతపై మక్కువతోనే ఒక పొరపాటు చేయుదురు. స్పాంజి గోధుమరంగునకు తిరుగుట చూచి, దానిని కుళాయిక్రింద తెల్లగా ఉతుకుదురు. నీటినంతయు పారబోసి క్రొత్తనీరు నింపుదురు. తొట్టి మిలమిల మెరయును. కాని కుళాయినీటిలోని క్లోరిన్ స్పాంజిలోని సూక్ష్మజీవులను చంపివేయును. రెండు మూడు దినములలో అమ్మోనియా మరల పేరుకొని, ప్రాణి జబ్బుపడును. మురికియని కడిగినది మురికి కాదు. అది ప్రాణిని కాపాడుచున్న కోట.

సరియైన పద్ధతి వేరు. వారమునకొకమారు తొట్టినీటిలో నాలుగవవంతు మాత్రమే తీసివేయవలెను. రబ్బరు గొట్టముతో అడుగునున్న మలమును కూడ లాగివేయవలెను. స్పాంజిని అట్లు తీసిన పాతనీటిలోనే మెల్లగా పిండవలెను. మిగిలిన ఆహారమును ఏనాటికానాడు తొలగింపవలెను. క్రొత్తనీటిలోని క్లోరిన్‌ను విరిచెడి మందు కలిపి, ఆ నీటి వేడిమి తొట్టినీటి వేడిమికి సమానమైన పిదప పోయవలెను. ఒక దినము వెడల్పు పాత్రలో నిలువయుంచిన క్లోరిన్ చాలవరకు పోవును. క్లోరమైన్ కలిపిన నీటికి మాత్రము మందు తప్పదు. ఒక్క ప్రాణికైనను 75 లీటర్లకు తక్కువకాని తొట్టి మేలు. చిన్న గులకరాళ్లను పరచరాదు. ప్రాణి వానిని మ్రింగి చిక్కులపాలగును.

నీటి వేడిమి కూడ ముఖ్యమే. షోచిమిల్కో సముద్రమట్టమునకు 2,200 మీటర్లకు పైగా ఎత్తున నుండుటచే అచ్చటి నీరు చల్లన. కావున తొట్టినీరు 16 మొదలు 18 సెంటిగ్రేడు డిగ్రీల వరకుండుట ఉత్తమము. 24 డిగ్రీలు దాటుట ప్రమాదకరము. నీరు వెచ్చబడినకొలది అందలి ప్రాణవాయువు తగ్గును. అమ్మోనియా విషము హెచ్చును. నీటిపై విసనకర్రయంత్రముతో గాలి తోలినచో, మట్టికుండలోని నీటివలెనే ఆవిరి లేచి కొంత చల్లబడును. వేసవి తీవ్రమైన ప్రదేశములలో నిది చాలదు. నీటిని చల్లబరచు యంత్రమే కావలెను. దానిని సమకూర్చలేనివారు ఈ ప్రాణిని పెంచుటకు పూనుకొనకుండుటయే దయ.

తొట్టినుండి తీసిన నీరు మొక్కలకు మంచి ఎరువు. నైట్రేటు వాని ఆహారము. షోచిమిల్కో రైతులు కాలువల బురదను తీసి మడులకు వేయుటలోని మర్మము కూడ ఇట్టిదే. అయితే ప్రాణులను మాత్రము ఎన్నడును చెరువులలో వదలరాదు. పరాయిచేపలను వదలుట వలననే గదా షోచిమిల్కోకు చేటు కలిగినది!

ఇప్పుడచ్చట రైతులును, మెక్సికో జాతీయ స్వయంప్రతిపత్తి విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులును కలిసి ఒక సత్కార్యము చేయుచున్నారు. చినాంపాల నడుమనున్న కొన్ని కాలువలకు అడ్డుకట్టలు వేసి, మొక్కలతో నీటిని వడకట్టి, చేపలు చొరకుండ కాపాడుచున్నారు. తొట్లలో పుట్టి పెరిగిన 18 ఆక్సొలాటళ్లను ఇట్టి కాలువలోను, నగరములోని మరియొక కొలనులోను విడిచి పరీక్షించిరి. కొన్ని వారములకు తిరిగి పట్టి తూచినవి బరువు పెరిగియుండెను. ఈ సంగతి 2025లో ప్రకటింపబడినది. తొట్టికైనను, సరస్సుకైనను సూత్రమొక్కటే: ముందు నీరు, పిదప ప్రాణి.