పొట్ట పెరుగుతోంది... కండ కరుగుతోంది!

క్యాన్సర్ అనగానే చిక్కి శల్యమైన మనిషే గుర్తొస్తాడు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఆ లెక్కకు లొంగదు. ఈ కణితికి మగ హార్మోనైన టెస్టోస్టిరానే అండ అని చార్లెస్ హగిన్స్ 1941లో చూపించారు, 1966లో నోబెల్ అందుకున్నారు. వ్యాధి ముదిరినవారికి నేటికీ ఆ హార్మోన్‌ను అణిచే చికిత్సే ఆధారం. చిక్కల్లా ఏమిటంటే, కండనూ ఎముకనూ గట్టిగా నిలిపేదీ అదే! అది తగ్గితే కండ కరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది, కొవ్వు పేరుకుంటుంది. తూకం మాత్రం తగ్గదు. 'నాన్న ఒళ్లు చేశారు' అని ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. కుర్చీలోంచి లేవడానికి ఆయన చేతులు ఆనిస్తున్నారేమో ఎవరూ చూడరు.

రక్తంలో అల్బుమిన్ తక్కువున్న రోగుల ఆయుష్షూ తక్కువేనని పరిశీలనలు చెబుతున్నాయి. అలాగని గుడ్లు పెడితే అది పెరిగిపోదు. వ్యాధి తాలూకు వాపుతోనూ పడిపోతుంది. అయినా కండకు మాంసకృత్తులు కావాల్సిందే... కిలో బరువుకు రోజూ 1 నుంచి 1.5 గ్రాములు. అరవై కిలోల మనిషికి కనీసం 60 గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరే. ఇక పథ్యమంటూ పెట్టే చారన్నంతో ఏం సరిపోతుంది? కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఈ లెక్క డాక్టరే చెప్పాలి. కాస్త బరువులెత్తే వ్యాయామమూ తోడవ్వాలి.

మాత్రలతో పని జరుగుతుందనుకుంటే పొరపాటే. 35 వేల మందికి పైగా ఆరోగ్యవంతులైన మగవారిపై జరిగిన 'సెలెక్ట్' పరీక్షలో, ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారికన్నా విటమిన్-ఇ ఒక్కటే వేసుకున్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ కనిపించినట్లు 2011లో తేలింది.