తొంభై ఆమడల పిట్ట

"తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది, ఏమిటది?" అని మన ఇళ్ళలో అమ్మమ్మలు, నానమ్మలు పొడుపుకథ వేసేవారు. "ఉత్తరం" అని విప్పడానికి మా తరం పిల్లలకు క్షణం కూడా పట్టేది కాదు. ఆ పిట్ట వారానికి ఒకసారైనా మా గడపలో వాలుతూ ఉండేది మరి! ఈనాటి పిల్లలకు పొడుపు విప్పి చెప్పినా, ఉత్తరమంటే ఏమిటో మళ్ళీ విడిగా చెప్పవలసి వస్తోంది.

నేను వృత్తిరీత్యా బ్యాంకు అధికారిని. చదివింది బి.కాం. బోధనాశాస్త్రంలో నాకు ప్రవేశం లేదు. అయినా, ఉపాధ్యాయులు తమ తరగతి పిల్లల చేత ఎక్కడో దూరాన ఉన్న మరో తరగతికి ఉత్తరాలు రాయించి, ఆ రాకపోకలనే పాఠంగా మలచిన కథ చదివినప్పటి నుంచి ఒక ఆలోచన నన్ను వదలడం లేదు. ఆంధ్ర, తెలంగాణలకు వెలుపల తరతరాలుగా స్థిరపడిన మనవంటి కుటుంబాలకు పనికివచ్చే సంగతి అందులో ఉంది. దానిని పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గొంతు లేని మాస్టారు

సెలెస్తాన్ ఫ్రెనే 1896లో ఫ్రాన్సు దేశపు ఆగ్నేయ కొండసీమలో పుట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడిగా పనిచేస్తూ 1917లో ఊపిరితిత్తికి పెద్ద గాయం తగిలించుకున్నారు. 1920లో బార్ సుర్ లూ అనే చిన్న ఊరి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. గాయం వల్ల ఆయనకు ఎక్కువసేపు గొంతెత్తి మాట్లాడే శక్తి లేదు. పాఠం చెప్పడమంటే గంటల తరబడి మాట్లాడడమే అనుకునే రోజులవి. మరి మాట్లాడలేని మాస్టారు ఏం చేయాలి?

ఆయన పిల్లలను వెంటబెట్టుకుని ఊళ్ళోకీ పొలాల్లోకీ వెళ్ళేవారు. చూసివచ్చిన సంగతులు వారి చేతనే చెప్పించి, రాయించేవారు. 1924లో ఒక చిన్న అచ్చుయంత్రం కొని తరగతిలో పెట్టారు. రాసిన వాటిలో ఏది అచ్చుకు పోవాలో పిల్లలే ఎంచుకునేవారు. అందరూ కలిసి తప్పులు దిద్దుకునేవారు. అక్షరాలు ఒక్కొక్కటీ చేత్తో ఏరి వరుసగా పేర్చేవారు. అదే వారి భాషాపాఠం.

అచ్చు వేశారు సరే, చదివేవారెవరు? ఊళ్ళో జరిగిన సంగతి ఊళ్ళో అందరికీ తెలిసినదే కదా! అందుకని 1926లో ఫ్రెనే దేశానికి ఆ చివర, అట్లాంటిక్ సముద్రతీరాన ట్రెగంక్ గ్రామంలో పనిచేస్తున్న రెనె డానియెల్ అనే ఉపాధ్యాయుడితో జత కలిశారు. ఈ తరగతి అచ్చు వేసిన కాగితాలు ఆ తరగతికి, ఆ తరగతివి ఈ తరగతికి తపాలాలో వెళ్ళసాగాయి. వాటి వెనుక ఉత్తరాలు, ఉత్తరాల వెనుక పార్సిళ్ళు.

ఒకటి నారింజ చెట్ల కొండపల్లె. అత్తర్లకు పేరుపొందిన గ్రాస్ పట్టణం దానికి దగ్గర. రెండవది కాంకార్నో అనే చేపల రేవును ఆనుకుని ఉన్న పల్లె. కొండ పిల్లలకు చేపల పడవల గురించి ఏం తెలుస్తుంది? తీరపు పిల్లలకు నారింజపూల గురించి ఎవరు చెబుతారు? అవతలివారు అడిగిన ప్రశ్నకు జవాబు రాయాలంటే, రోజూ చూస్తూనే పట్టించుకోని తమ ఊరినే కొత్తగా చూడవలసి వచ్చేది. తాతను అడగాలి, పనివాళ్ళను అడగాలి, కొలతలు తీసుకోవాలి, లెక్క కట్టాలి. భూగోళం, గణితం, వ్యాకరణం అన్నీ ఆ ఒక్క జవాబులోకే వచ్చి చేరేవి.

ఇంకొక సంగతి మనం గమనించాలి. ట్రెగంక్ ఉన్నది బ్రిటనీ ప్రాంతంలో. అక్కడి ఇళ్ళలో బ్రెటన్ భాష, బడిలో ఫ్రెంచి. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొకటి! ఈ పరిస్థితి మనకు ఎవరూ వివరించనక్కరలేదు.

తరువాతి కాలంలో ఫ్రెనే స్థానికుల వ్యతిరేకత ఎదుర్కొని ప్రభుత్వ బడిని విడిచారు. 1930 దశకంలో వాన్స్ అనే ఊళ్ళో సొంత పాఠశాల నెలకొల్పి, 1966లో కన్నుమూశారు. ఆయన దారిలో నడిచే ఉపాధ్యాయులకు 1957లో ఒక అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. తరగతికీ తరగతికీ మధ్య ఉత్తరాలు నేటికీ ఆ పద్ధతిలో ముఖ్యభాగమే.

యాభై రాష్ట్రాల గోడపటం

అమెరికాలో ఇదే పని కార్డులతో చేసే ఉపాధ్యాయులున్నారు. ఒక్కో రాష్ట్రం నుంచి ఒక్కో తరగతి చొప్పున జట్టు కడతారు. ప్రతి తరగతీ మిగిలిన రాష్ట్రాలన్నిటికీ తలా ఒక కార్డు పంపుతుంది. తమ రాష్ట్రపు పంట ఏమిటి, పక్షి ఏమిటి, చలి ఎంత అన్న విశేషాలు అందులో ఉంటాయి. గోడమీద దేశపటం తగిలించి, కార్డు వచ్చిన రాష్ట్రానికల్లా ఒక గుర్తు పెడతారు. నెలలు గడిచేకొద్దీ పటం నిండుతుంది. ఇంకా రాని రాష్ట్రమేదో పిల్లలకు కంఠస్థం అయిపోతుంది.

కెనడాలో డేల్ హ్యూబర్ట్ అనే ఉపాధ్యాయుడు 1995లో మరో ఉపాయం మొదలుపెట్టారు. జెఫ్ బ్రౌన్ 1964లో రాసిన పిల్లల పుస్తకంలో స్టాన్లీ అనే పిల్లవాడు కాగితంలా పలచబడి, కవరులో ప్రయాణం చేస్తాడు. పిల్లలు అటువంటి కాగితపు బొమ్మను కత్తిరించి దూరపు తరగతికి పంపుతారు. అక్కడివారు ఆ అతిథిని ఊరంతా తిప్పి, ఏమేమి చూపించారో రాసి తిరిగి పంపుతారు.

మన కార్డు ముక్క

ప్రపంచంలో మొదటి పోస్టుకార్డు 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీలో వెలువడింది. దానికోసం వాదించిన ఇమాన్యుయెల్ హెర్మన్ అర్థశాస్త్ర ఆచార్యుడని తెలిసి కామర్సు చదివిన నాకు కొంచెం గర్వం కలిగింది. నాలుగు ముక్కల కబురుకు కాగితం, కవరు, నిండు రుసుము దండగ అన్నది ఆయన లెక్క. మన దేశంలో కార్డు 1879 జూలై 1న వచ్చింది. వెల పావు అణా. ఆ తరువాత జవాబు కార్డు కూడా వచ్చింది. రెండు కార్డులు జంటగా ఉండేవి. ఒకదాని మీద మనం రాసి పంపితే, రెండవదాని మీద అవతలివారు జవాబు రాసేవారు. జవాబు ఖర్చు కూడా మనమే ముందుగా భరించామన్నమాట!

2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం స్వాతంత్ర్య అమృతోత్సవాల సందర్భంగా బడి పిల్లల చేత 75 లక్షల కార్డులు రాయించే కార్యక్రమం చేపట్టింది. అప్పటికీ కార్డు వెల 50 పైసలే. అయితే ఆ కార్డులన్నీ ప్రధానమంత్రి చిరునామాకు రాసినవి. నేను చెబుతున్నది పిల్లవాడు మరో పిల్లవాడికి రాసి, జవాబు కోసం ఎదురుచూసే కార్డు సంగతి.

కార్డు మీది చిరునామా కూడా ఒక పాఠమే. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడులో మొదటి అంకె ప్రాంతాన్ని తెలుపుతుంది. బెంగుళూరు 5తో, చెన్నై 6తో, బరంపురం 7తో, షోలాపూరు 4తో మొదలవుతాయి. మరి యానాం? పరిపాలన పుదుచ్చేరిది. పుదుచ్చేరి పిన్ 605001. యానాం పిన్ మాత్రం 533464, అంటే చుట్టూ ఉన్న గోదావరి జిల్లా వరుసలోనిది. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఊరు, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం, తపాలా సంచీ మాత్రం గోదావరి దారిన వస్తుంది. ఆ ఆరు అంకెల వెనుక ఎంత చరిత్ర!

మా చిన్న ప్రయత్నం

బెంగుళూరులో మేము ఆదివారాలు నడిపే తెలుగు తరగతికి జమా ఖర్చులు చూసే బాధ్యత నాది. పిల్లలు పదహారు మంది. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు. రాయమంటే కన్నడ అక్షరాల్లో తెలుగు రాస్తారు. అందులో వారి తప్పేమీ లేదు. బడిలో నేర్చిన అక్షరాలవి, ఇంట్లో చదివేవారికీ అవి వచ్చు. ఇక తెలుగు అక్షరాలు ఎందుకన్నది వారి ప్రశ్న. "మన సంస్కృతి", "మన సంప్రదాయం" అంటూ ఉపన్యాసాలిస్తే శ్రద్ధగా వింటారు. ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది.

ఉద్యోగరీత్యా నేను మూడేళ్ళు షోలాపూరులో ఉన్నాను. మిల్లుల కాలం నుంచి తెలుగు నేతపనివారు స్థిరపడిన నగరమది. అక్కడ ఇటువంటి తరగతే నడిపే మాస్టారితో ఆనాటి పరిచయం ఉంది. ఫ్రెనే గారి కథ చెప్పి, రెండు తరగతుల మధ్య కార్డులు నడిపిద్దామా అని అడిగాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు.

మొదటి విడత కార్డులన్నీ ఒకే అచ్చు. "నేను క్షేమం. నీవు క్షేమమని తలుస్తాను." టీచరమ్మ బోర్డు మీద రాసింది అందరూ దించేశారు. ఒక పిల్లవాడు మాత్రం చివర్లో చోటు మిగిలిందని, "ఆదివారం మా అవ్వ రాగి సంగటి చేస్తుంది" అని చేర్చాడు. పది రోజులకు షోలాపూరు నుంచి జవాబు వచ్చింది. "సంగటి అంటే ఏమిటి? ఎలా చేస్తారు? మేము జొన్నరొట్టె, శేంగా చట్నీ తింటాం."

అవ్వ పొయ్యి దగ్గర ఎన్నడూ నిలబడని ఆ అబ్బాయి ఆ రోజు కాగితం, పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడట. అవ్వ చెప్పిన ఎసరు, పిండి, తెడ్డు కార్డులో పట్టలేదు. రెండో కార్డు అడిగి తీసుకున్నాడు. ఇటు తరగతిలో "శేంగా" ఏమిటని పెద్ద చర్చ. వేరుశనగ అని తేలింది. మా కోలారు వైపు ఇళ్ళలో శెనక్కాయ, హైదరాబాదు బంధువుల నోట పల్లీ. టీచరమ్మ నాలుగు మాటలూ బోర్డు మీద రాశారు. ఒక గింజకు నాలుగు పేర్లు, నాలుగూ మనవే.

అసలు సంగతి మూడో విడతలో బయటపడింది. ఒక అమ్మాయి తొందరలో సగం కార్డు కన్నడ లిపిలో రాసి పంపింది. షోలాపూరు పిల్ల జవాబు దేవనాగరిలో వచ్చింది. భాష తెలుగే. "నీ అక్షరాలు నాకు రావు, నా అక్షరాలు నీకు వచ్చా?" అని. ఆ కార్డు తరగతిలో చేతులు మారింది. ఆ రోజు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. బరంపురం పిల్లవాడికి ఒడియా, చెన్నై పిల్లవాడికి తమిళం, షోలాపూరు పిల్లకు మరాఠీ వచ్చు. వీరందరూ కలుసుకోవడానికి మనదంటూ ఉన్న లిపి ఒక్కటే. ఎవరి ఊళ్ళో వారికి తెలుగు అక్షరాల అవసరం కనిపించదు. ఒక ఊరి నుంచి మరో ఊరికి రాసినప్పుడే కనిపిస్తుంది. ఫ్రెనే తెలుసుకున్నదీ ఇదే. రాత నేర్పడానికి ముందు, ఆ రాత కోసం ఎదురుచూసే మనిషిని చూపించాలి.

లెక్కలు, జాగ్రత్తలు

ఖర్చు సంగతికి వస్తాను. పదహారు మంది పిల్లలు, నెలకొక కార్డు చొప్పున పది నెలలకు 160 కార్డులు. 50 పైసల లెక్కన 80 రూపాయలు. ఏ సంఘానికైనా ఇది భారం కాదు. ఖర్చల్లా ఉపాధ్యాయుల ఓపికే. మా అనుభవంలో తేలిన కొన్ని సంగతులు మనవి చేస్తాను.

రెండు తరగతుల్లో పిల్లల సంఖ్య సమానంగా ఉంటే మంచిది. ఎవరికెవరు జతో మొదటే జాబితా రాసుకోవాలి. కార్డును దారిలో ఎవరైనా చదవవచ్చు కనుక పిల్లల ఇంటి చిరునామా, ఫోను నంబరు రాయించకూడదు. తరగతి చిరునామాయే వాడాలి. ప్రతి కార్డులో ఒక జవాబు, ఒక ప్రశ్న ఉండాలి. ప్రశ్న లేని కార్డుకు ఆయుష్షు తక్కువ. వచ్చిన కార్డు మీద ఎర్రసిరా పడరాదు. అది పరీక్ష పేపరు కాదు.

బ్యాంకులో మాదిరిగా వచ్చినవాటికీ పోయినవాటికీ రెండు రిజిస్టర్లు పెట్టాలి. ఇది చాదస్తం కాదు. అక్కడ ఇద్దరు పిల్లలు తరగతి మానుకుంటే, ఇక్కడ వారి జతల్లో ఒకడు మూడు ఆదివారాలు ఖాళీ చేతులతో ఇంటికి వెళ్ళాడు. రిజిస్టరు చూస్తే తెలిసింది. షోలాపూరు మాస్టారికి చెప్పగానే ఆయనే స్వయంగా ఆ ఇద్దరికీ కార్డులు రాశారు. జవాబు రాని పిల్లవాడు మళ్ళీ కలం పట్టడు. రెండు వారాలు దాటితే పెద్దలెవరో ఒకరు రాసి తీరాలి.

ఫోనులో క్షణంలో మాట్లాడుకునే రోజుల్లో ఈ శ్రమ దేనికని కొందరు మిత్రులు అడిగారు. ఫోను మాటను కాపాడుతుంది, కాదనను. అక్షరానికి మాత్రం చేయి కావాలి, అభ్యాసం కావాలి, అవతల చదివే కన్ను కావాలి. మన ఇళ్ళలో తెలుగు ఉత్తరాలు చదివే పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. వారి స్థానంలో చదివేవారిని మనమే ఏర్పాటు చేయాలి.

హోసూరు, కోయంబత్తూరు, బరంపురం, పర్లాకిమిడి, భివండి, ముంబయి, బళ్ళారి, యానాం - ఈ పత్రిక అందుకునే ఊళ్ళలో ఆదివారం తరగతులు నడిపే సోదర సోదరీమణులు కొందరైనా ఉంటారు. మీ తరగతిలో పిల్లలెందరు, ఏ వయసువారు, తరగతి చిరునామా ఏమిటి అన్న వివరాలు ఒక కార్డు మీద రాసి సంఘం కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాను. జతలు కలిపే పని, రిజిస్టరు రాసే పని నేను చూసుకుంటాను. చేతికి అలవాటైన పనే. కార్డు మాత్రం తెలుగులో ఉండాలి, మీ తరగతిలోని ఒక పిల్ల చేతివ్రాతలో ఉండాలి.